అక్క గొంతుకి ఒక ట్రాన్సిస్టర్

మార్చి 3, సోమవారం

డైరెక్టరుగారు నెలాఖరు దాకా గడువిచ్చారు. ఇరవై ఎనిమిదో తేదీన అక్క రేడియో స్టేషన్‌కి వెళ్లి, మైకు ముందు కూర్చుని ఒక కథ చదవాలి. ఆయనకి నచ్చితే మధ్యాహ్నం కథ చదివే పని మళ్లీ అక్కదే. నచ్చకపోతే ఇప్పుడు చదువుతున్న కొత్తమ్మాయికే ఖాయం చేసేస్తారట. ఈ మాట చెప్పడానికి నా రిపేరు షాపు దాకా వచ్చారు. అక్కకి నేరుగా చెప్పడానికి మొహం చెల్లలేదు కాబోలు. వెళ్తూ వెళ్తూ "చూద్దామమ్మా" అన్నారు. ఆయన చూద్దాం అన్నారంటే కుదరదని అర్థమని స్టేషన్‌లో బల్లలకీ కుర్చీలకీ కూడా తెలుసు.

ఆ కొత్తమ్మాయి కథ చదువుతుంటే, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెబుతున్నట్టుంటుంది. నిన్నటి కథలో నాయిక ఏడ్చింది. ఎవరి సామానో పోయిందేమో అనుకున్నాను.

అక్క మెడలో గడ్డ తీసినప్పుడు అది చెడ్డది కాదన్నారు, అందరం హమ్మయ్య అనుకున్నాం. కానీ గొంతుకెళ్లే నరం దెబ్బతింది. ఇప్పుడు వాక్యం మొదలుపెడుతుంది, సగానికొచ్చేసరికి గాలి కారిపోతుంది, చివరి మాటలు గుసగుసలవుతాయి. మధ్యలో ఉన్నట్టుండి ఒక మాట మాత్రం గట్టిగా వచ్చేస్తుంది. ఇలాగే ఉండిపోవచ్చు అన్నాడు డాక్టరు. ఉండిపోవచ్చు అన్నాడు, అంతే. ఉండిపోతుంది అనలేదు.

స్టేషన్‌లో చదివేవాళ్లు గదిలో ఒక్కళ్లే కూర్చుంటారు. ఎక్కువ తక్కువలు సరిచెయ్యడానికి పక్కన మనిషి ఉండరు. ఒక పాత మిషనుంది కానీ, అది గట్టి గొంతుల్ని అణచడానికే తప్ప చిన్న గొంతుని లేపడానికి పనికిరాదు.

అందుకే నేను పెట్టె చేస్తాను. మైకుకీ స్టేషన్ వైరుకీ మధ్య కూర్చునే చిన్న పెట్టె. లోపల ఒక వాల్యూం నాబ్ ఉన్నట్టే, కానీ దాన్ని తిప్పేది వేళ్లు కాదు, ఓల్టేజీ. గొంతు తగ్గితే పెట్టె దానంతటదే శబ్దం పెంచాలి, గొంతు పెరిగితే తగ్గించాలి. వినేవాళ్లకి పెట్టె ఉన్నట్టే తెలియకూడదు. ఆ తిప్పే పని ఏ రకం ట్రాన్సిస్టర్‌కి అప్పగించాలన్నదే అసలు సంగతి. అది కుదిరితే మిగిలినదంతా ఎడం చేత్తో చేసేస్తాను.

మార్చి 5, బుధవారం

ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్‌తో మొదలుపెట్టాను. అందరూ దాంతోనే మొదలుపెడతారు. ఒక్కటి చాలు, ఓల్టేజీ మారిస్తే దాని అడ్డు మారుతుంది, శబ్దాన్ని కావలసినంతే పోనిస్తుంది. కాకపోతే ఒకే డబ్బాలో వచ్చిన ఫెట్‌లు ఏ రెండూ ఒకలా ఉండవు. ఒక తల్లి పిల్లలే, కానీ ఒకటి తూర్పంటే ఒకటి పడమర. పొద్దున్నంతా కొలిచి మంచిదాన్ని ఏరాను.

తర్వాత టెస్ట్ టేప్ పెట్టాను. నా షాపులోంచి బయటికెళ్లే ప్రతి ఆంప్లిఫయరూ ఆ టేప్ ముందు తలవంచి వెళ్లాల్సిందే. అక్క స్టేషన్‌లో చేరిన కొత్తలో చదివిన కథ అది. మిగతా మెకానిక్కులు పాటలు పెడతారు, కూతలు పెడతారు. నాకు అవేవీ అక్కర్లేదు. "వాన వెలిసింది. తలుపు తెరిచే ఉంది" అని అక్క చదివే చోట 'త' పగిలిందా, స్పీకర్ పోయినట్టే. కథలో తల్లి "ఎవరది?" అని కేకేసే చోట పరపరలాడిందా, ట్రాన్స్‌ఫార్మర్ చాలట్లేదన్నట్టే. ఆ టేప్‌కి తెలియని జబ్బు లేదు.

ఫెట్ అక్కడే దొరికిపోయింది. "ఎవరది?" దగ్గర గొంతు మీద గీతలు పడ్డాయి. పెద్ద శబ్దం ఇస్తే ఫెట్ తట్టుకోలేదు, వంకర చేస్తుంది. దాన్ని అదుపు చేసే కాలికి, అంటే గేటుకి, సగం సిగ్నల్ కలిపి చూశాను, కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. అక్క గొంతు ముందు నిలవలేదు పాపం. తీసి డబ్బాలో పడేశాను.

ఇక జతే గతి. రెండు మామూలు ట్రాన్సిస్టర్లు ఒకదానికొకటి ఎదురుగా కూర్చుని పని పంచుకుంటాయి. ఎంత పెద్ద గొంతైనా శుభ్రంగా మోస్తాయి. ఒకటే షరతు, రెండూ అచ్చం ఒకేలా ఉండాలి.

మార్చి 6, గురువారం

అక్క దగ్గరికి వెళ్లలేదు. పని.

మార్చి 9, ఆదివారం

పొద్దుటి నుంచి జత కుదిర్చడమే. ఒక్కొక్క ట్రాన్సిస్టర్‌నీ పట్టుకారుతో తీసి, సాకెట్‌లో గుచ్చి, మీటరులో అంకె నిలిచేదాకా ఆగి, రాసుకుని, తియ్యడం. చేత్తో ముట్టుకున్నానా, వేలి వేడికి అంకె పరుగు లంకించుకుంటుంది. ఫ్యాను వెయ్యకూడదు, కిటికీ తెరవకూడదు. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లకి ఇంత ఓపిక ఉంటే లోకంలో ఇన్ని తగాదాలుండేవి కాదు.

మధ్యాహ్నం బావ వచ్చాడు. అక్క పంపించిందట, నేను తిన్నానో లేదో చూసి రమ్మని. ఆయన కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు, కూర్చుంటే లేవడు, మాట్లాడితే ఆపడు. ఎవరో పెద్దాయన వచ్చి తన పాత కళ్లజోడు నంబరుకే కొత్త అద్దాలు చెయ్యమన్నాడట. కళ్లు మారి ఉంటాయి, ఒకసారి చూపించుకోండి అంటే, ఈ జోడుతో నాకెంత బాగా కనపడేదో మీకు తెలీదు అని పోట్లాడాడట.

"మరి ఏం చేశారు బావా?" అన్నాను, కొలత మీదినుంచి తల తిప్పకుండా.

"ఏం చేస్తాను, చేసిచ్చాను. పెట్టుకుని గోడకి గుద్దుకున్నాడు. మళ్లీ వచ్చి నా అద్దమే బాగోలేదంటాడు."

ఆయన నవ్వుతూ బల్లకి ఆనుకున్నాడు. బల్ల కదిలింది, పట్టుకారు జారింది, పొద్దుటి నుంచి చూసిన వాటిలో అన్నిటికన్నా మంచిది ఎక్కడికో ఎగిరిపోయింది. ఇద్దరం నేల మీద పాకుతూ వెతికాం. దొరకలేదు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఒకసారి ఇంటికి రా అమ్మాయ్. అక్క అడుగుతోంది" అన్నాడు. వస్తానన్నాను. పెట్టె అయిపోగానే వస్తానన్నాను.

మార్చి 11, మంగళవారం

వెళ్లాను. ఇక వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను.

అక్క వంటింట్లో స్టూలు మీద కూర్చుని పేపరు పైకి చదువుకుంటోంది. సాధన. నన్ను చూసి ఆపి, "ఏమే మెకానిక్కూ, దారి..." అంది.

"గుర్తుందా అంటావు, అంతేగా. గుర్తుంది. పనెక్కువైంది" అన్నాను.

"కాఫీ పెడతాను, నువ్వు కాస్త..."

"కూర్చుంటాలే."

"డైరెక్టరుగారు నీతో..."

"చెప్పారు. ఇరవై ఎనిమిది. నువ్వేం బెంగపడకు, పెట్టె అయిపోవచ్చింది."

అక్క చెయ్యి పైకెత్తింది. బడిలో టీచరు ఎత్తినట్టు. ఊపిరి తీసుకుంది. చాలాసేపు తీసుకుంది. "నా వాక్యం నేనే పూర్తి చేస్తాను. నువ్వు ఆగు" అంది. 'నువ్వు' గట్టిగా వచ్చింది, 'ఆగు' సగమే వచ్చింది.

ఆగాను. ఆగడం నా వల్ల కాలేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. నూనె వేసి చాలా రోజులైనట్టుంది. అంత చప్పుడులో అక్క ఎలా చదువుకుంటుంది? స్టూలెక్కి విప్పేశాను. బేరింగు నిండా దుమ్ము. అది శుభ్రం చేసి మళ్లీ బిగించేసరికి చీకటి పడింది. అక్క పేపరు మడిచి పెట్టేసింది.

ఫ్యాను ఇప్పుడు చప్పుడే లేదు. ఈ పూట ఒక మంచి పని జరిగింది.

మార్చి 14, శుక్రవారం

కుదిరింది!

రెండింటినీ వీపుకి వీపు ఆనించి, రాగి రేకు చుట్టి, జిగురు పెట్టాను. వేడెక్కినా చల్లబడినా ఇద్దరూ కలిసే. టేప్ పెట్టాను. "ఎవరది?" కేక శుభ్రంగా వచ్చింది, ఎక్కడా గీత లేదు. 'త' అద్దంలా ఉంది. గొంతు ఎక్కువైన చోట పెట్టె మెల్లిగా అణిచింది, తగ్గిన చోట లేపింది, ఏ పనీ చేసినట్టే తెలియలేదు. లేచి గది చివర నిలబడి విన్నాను, వీధిలోకి వెళ్లి విన్నాను. ఎదురుగా జిరాక్సు షాపామె "మీ అక్క వచ్చిందా లోపల?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. "వచ్చేస్తుంది" అన్నాను.

మార్చి 15, శనివారం

పెట్టె పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. మైకు పెట్టి, ఇయర్‌ఫోన్లు అక్కకొకటి, బావకొకటి ఇచ్చి, నేనొకటి పెట్టుకుని, చదవమన్నాను.

గుప్.

మొదట ఏదో తగిలిందనుకున్నాను. అక్క మళ్లీ చదివింది. గుప్. ఆగింది, ఊపిరి తీసుకుంది, మొదలుపెట్టింది. గుప్. ప్రతి మాటకీ ముందు ఎవరో మెట్టు దిగుతున్నట్టు చప్పుడు. అక్క ఎన్నిసార్లు ఆగి మొదలుపెడితే అన్ని గుప్‌లు. ఇప్పుడు అక్క ఆగడమే ఎక్కువ కదా.

అక్క ఇయర్‌ఫోన్లు తీసి నవ్వింది. నవ్వు కూడా గాలే. "నాకన్నా ముందు... ఎవరో మాట్లాడుతున్నారే" అంది.

నాకు నవ్వు రాలేదు. జత సరిగ్గా కుదరలేదన్నమాట. ఆ రోజు ఎగిరిపోయిన ట్రాన్సిస్టర్ దొరికి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. బావని ఏమీ అనలేదు. అనాల్సింది.

షాపుకొచ్చి టేప్ పెట్టాను. టేప్‌లో ఒక్క గుప్ కూడా లేదు.

మార్చి 18, మంగళవారం

పార్టుల షాపాయన దగ్గర ఇంకో డబ్బా తెచ్చాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నేం చేసుకుంటావమ్మా, వేయించుకు తింటావా?" అన్నాడు. మళ్లీ కిటికీలు మూయడం, మళ్లీ పట్టుకారు. ఈసారి జత పాతదానికన్నా ఇంకా దగ్గరగా కుదిరింది. టేప్ మీద వింటే ఒళ్లు పులకరించింది. అక్క ఇంటికెళ్లి వింటే, గుప్.

అక్కకి విసుగొస్తోంది, పైకి చెప్పట్లేదు. బావ నా మొహం చూసి టీ పెట్టడానికి వెళ్లిపోయాడు.

మార్చి 19, బుధవారం

ట్రాన్సిస్టర్‌దే తప్పు.

మార్చి 20, గురువారం

ట్రాన్సిస్టర్‌దే తప్పు. ఇంకో కంపెనీది చూడాలి. డైరెక్టరుగారు ఫోన్ చేశారు, ఎలా ఉందమ్మా అని. అద్భుతంగా ఉందండీ అన్నాను. అబద్ధం కాదు. షాపులో అద్భుతంగానే ఉంది.

కొత్తమ్మాయి ఇవాళ వంతెన కూలిన కథ చదివింది. ప్రయాణికులకి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అంటుందేమోనని ఎదురుచూశాను.

మార్చి 22, శనివారం

ఇవాళ జరిగింది రాయాలి. రాసుకోకపోతే రేపటికల్లా ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

మూడో జత బిగించాను. టేప్ పెట్టి, కళ్లు మూసుకుని వింటున్నాను. "వాన వెలిసింది. తలుపు తెరిచే ఉంది." ఆ తర్వాత తల్లి కేక, పిల్లవాడి జవాబు, తల్లి కోపం. ఎక్కడా మచ్చ లేదు. టేప్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. కళ్లు తెరిచేసరికి గుమ్మంలో అక్క.

ఎంతసేపటి నుంచి నిలబడిందో. చేతిలో నా గొడుగు ఉంది, మొన్న వాళ్లింట్లో నేను మర్చిపోయినది. టేప్ ఆపబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపింది. వచ్చి రిపేరుకొచ్చిన స్పీకర్ మీదే కూర్చుంది. పెట్టె వైపు చూసింది, దాంట్లోకి వెళ్తున్న వైరు చూసింది, ఆ వైరు టేప్ రికార్డరు దాకా వెళ్లడం చూసింది.

"రోజూ దీంతోనే... చూస్తున్నావా?"

"టెస్ట్ టేప్ కదక్కా. దీంతోనే చూస్తాను దేన్నైనా."

అక్క టేప్ వింటోంది. టేప్‌లో అక్క చదువుతోంది, గది నిండా, గోడలకి తగిలేలా.

"ఈవిడకెందుకే పెట్టె?" అంది అక్క. ఊపిరి తీసుకుంది. "ఈవిడ బాగానే... చదువుతోందిగా."

సోల్డరింగ్ ఐరన్ చేతిలో ఉంది, దాన్ని స్టాండులో పెట్టడం కూడా తెలియలేదు, మొన తగిలి బల్ల కాలిన వాసనొచ్చింది. అక్కే లేచి నా చేతిలోంచి తీసి స్టాండులో పెట్టింది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మళ్లీ కూర్చుని టేప్ చివరిదాకా వింది, ఎవరో తెలియని మనిషి పని పరీక్ష చేస్తున్నట్టు. మధ్యలో తల అడ్డంగా ఊపింది.

"ఎంత తొందరో చూడు ఈవిడకి" అంది. "వాన వెలిసిందని... వినేవాళ్లు అనుకోకముందే... తలుపు దగ్గరికి వెళ్లిపోయింది. ఎవరు తరుముకొస్తున్నారని? గొంతుంది కదా అని... లాగించేసింది."

"అందరూ మెచ్చుకున్నారక్కా."

"మెచ్చుకుంటారు." ఇంకా ఏదో చెప్పబోయింది. నేను పూర్తి చెయ్యలేదు. ఈసారి ఆగాను, నాలుక కరుచుకుని ఆగాను. "నువ్వు ఒక్కసారన్నా... ఇప్పటిది విన్నావా? ఫ్యాను బాగుచేశావు... కుళాయి బిగించావు... రేడియో విప్పావు. నేను నోరు తెరిస్తే చాలు... నీకు పని దొరుకుతుంది."

గొడుగు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మార్చి 23, ఆదివారం

షాపు తియ్యలేదు.

నాకు భయమేస్తోంది, అదీ సంగతి. అక్క మాట్లాడుతుంటే వినడానికి భయం. వింటే అది నిజమైపోతుందని భయం. చిన్నప్పుడు నేను నిద్రపోవాలంటే అక్క ఏదో ఒకటి చదవాలి. పాఠం అయినా సరే, మందుల అట్టపెట్టె మీది రాతలైనా సరే. ఆ గొంతు లేని ఇల్లు నాకు తెలీదు. టేప్ పెట్టుకుని ట్రాన్సిస్టర్ల మీద పడి ఏడుస్తున్నాను గానీ, పోయినదాన్ని పట్టుకురమ్మని ఏ ట్రాన్సిస్టర్‌కి చెప్పగలను?

బావ చెప్పిన గోడకి గుద్దుకున్న పెద్దాయన గుర్తొచ్చాడు. బావ నన్ను ఉద్దేశించి చెప్పాడో, ఊరికే చెప్పాడో. ఆయన్ని అడగను. అడిగితే నెల రోజులు మొహం వెలిగిపోతుంది.

మార్చి 24, సోమవారం

టేప్ రికార్డరు, మైకు, ఒక ఖాళీ కేసెట్ పట్టుకుని వెళ్లాను. పెట్టె పట్టుకెళ్లలేదు. స్క్రూడ్రైవరు కూడా పట్టుకెళ్లలేదు.

"చదువక్కా. ఆ పాత కథే చదువు. నేను వింటాను" అన్నాను.

అక్క నన్ను అనుమానంగా చూసింది. నా చేతులు చూసింది, ఖాళీగా ఉన్నాయో లేవో అని. తర్వాత పుస్తకం తీసింది.

నేను నేల మీద కూర్చుని విన్నాను. మొదట్లో కష్టమే అయింది. ప్రతి వాక్యం చివరా నేను ముందుకి వంగుతున్నాను, పడిపోతున్న దాన్ని పట్టుకోబోతున్నట్టు. కాసేపటికి వంగడం మానేశాను. పడిపోవట్లేదని తెలిసింది. మాట తగ్గుతోంది, కానీ అక్కడే ఉంటోంది. "వాన వెలిసింది" అంది. ఆగింది. ఊపిరి లోపలికి వెళ్లిన చప్పుడు. ఆ కాస్త ఖాళీలో నాకు చూరు నుంచి నీళ్లు కారడం, తడి మట్టి, ఎవరూ లేని గుమ్మం కనపడ్డాయి. అప్పుడు, "తలుపు తెరిచే ఉంది."

వెయ్యి సార్లు విని ఉంటాను ఆ వాక్యం. స్పీకర్ బాగుందో లేదో చూడడానికి విన్నాను. ఆ తలుపు ఎందుకు తెరిచి ఉందో ఇవాళే తెలిసింది. ఎవరో వెళ్లిపోయారు.

ఏడ్చాను. అక్క చదవడం ఆపలేదు. ఆపి ఓదార్చే రకం కాదు.

సాయంత్రం షాపులో కేసెట్ పెట్టి మీటరు చూశాను. ముల్లు పాత టేప్‌లో ఎక్కడ తిరిగేదో ఆ దరిదాపులకి కూడా వెళ్లట్లేదు. ఆ గట్టి మాటలు కూడా అంత గట్టివేం కావు. మిగతావి చిన్నగా ఉండడం వల్ల అలా అనిపిస్తున్నాయి, అంతే. చిన్న శబ్దం, ఆగి ఆగి వచ్చే శబ్దం. నేను మెడ దాకా మునిగి చేసిన జత ఎందుకు గుప్‌మంటోందో కూడా అప్పుడే తట్టింది. జతకి పని చెప్పాలంటే దాంట్లో పారే కరెంటు మార్చాలి, మార్చినప్పుడల్లా ఆ కుదుపు కొంచెం బయటికి కారుతుంది. పాత టేప్‌లో గొంతు నిలకడగా ఉంటుంది, కుదుపే తక్కువ, వచ్చినా ఆ పెద్ద గొంతు కింద పడి వినపడదు. ఇప్పటి గొంతు మాటమాటకీ ఆగుతుంది. లోకంలో ఎంత మంచి జతైనా ఎంతో కొంత గుప్‌మంటూనే ఉంటుంది. జతది తప్పు కాదు. మోయడానికి పెద్ద బరువు లేని చోట బరువులు మోసేవాళ్లని పెట్టాను.

ఫెట్‌లో ఆ కరెంటు గొడవ లేదు. ఊరికే దారి వెడల్పు చేస్తుంది, ఇరుకు చేస్తుంది. చప్పుడు చెయ్యదు. పెద్ద శబ్దమిస్తే వంకర చేస్తుందని కదా తీసి పడేశాను? అక్క ఇప్పటి గొంతు ఆ హద్దు దాకా రానే రాదు.

డబ్బా బోర్లించి ఆ ఫెట్ కోసం వెతికాను. ఐదో తారీఖున ఏరిన మంచిదే. దొరికింది. దాని పక్కనే, బావ బల్ల కదిపినప్పుడు ఎగిరిపోయిన ట్రాన్సిస్టర్ కూడా దొరికింది. అది కూడా ఈ డబ్బాలోనే పడిందన్నమాట. ఇన్నాళ్లూ మనసులో బావని తిట్టుకున్నాను.

మార్చి 26, బుధవారం

పెట్టెలో పార్టులు సగానికి తగ్గాయి. ఫెట్ ఉన్నచోట ఇంత ఆర్భాటం అక్కర్లేదు.

అక్క విని చూసింది. గుప్ లేదు. వాక్యం చివరి మాటలు లేచి వస్తున్నాయి, కానీ అరుపులా కాదు, పక్కన కూర్చుని చెప్పినట్టు. ఊపిరి చప్పుడు మరీ వినపడుతోందని నేను ఇంకో నాబ్ తిప్పబోయాను.

"అది ఉంచు" అంది అక్క. "అది లేకపోతే... నేను ఆగాననుకోరు. మిషను ఆగిందనుకుంటారు."

ఉంచాను. నాకన్నా తనకే బాగా తెలుసు, పాతికేళ్లుగా అదే పని.

మార్చి 28, శుక్రవారం

పొద్దున్న అక్క ఏమీ తినలేదు. బావ అక్క కోసం రెండు కళ్లజోళ్లు పట్టుకొచ్చాడు, ఒకటి పగిలితే ఇంకోటి అని. ఎవరి కళ్లజోళ్లో కూడా చూసుకోలేదు, రెండూ ఆయనవే.

స్టేషన్‌లో గాజు గదిలో అక్క. బయట నేనూ, బావా, కొత్తమ్మాయీ. దగ్గర నుంచి చూస్తే చిన్నపిల్ల. "మేడమ్ చదివిన కథలు వినే నేను ఈ పనిలోకి వచ్చానండీ" అంది. నేనామెని ఇన్నాళ్లూ బస్టాండు అన్నాను. ఇక అనను. అన్నా మెల్లిగా అంటాను.

డైరెక్టరుగారు మా దగ్గర నిలబడలేదు. వరండా చివర ఒక పాత స్పీకర్ ఉంది, ఇళ్లల్లో వినేవాళ్లకి ఎలా వినపడుతుందో అలా వింటానని కుర్చీ వేయించుకుని అక్కడ కూర్చున్నారు. మాకు ఆయన వీపే కనపడుతోంది.

అక్క మొదలుపెట్టింది. కొత్త కథ, నేనెప్పుడూ విననిది. పెట్టె మీద దీపం మినుకుమినుకుమంటోంది, అక్క తగ్గినప్పుడల్లా కాస్త ఎక్కువగా. రెండో పేజీలో దగ్గొచ్చింది. పెట్టె దగ్గుని అణిచింది, అక్క "క్షమించండి" అని చెప్పి, చదవడం కొనసాగించింది. అంత మామూలుగా.

డైరెక్టరుగారి వీపు కదిలింది. ఆయన వంగి, కుర్చీని స్పీకర్ దగ్గరికి లాక్కున్నారు.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు, ఇప్పటికీ నొప్పిగా ఉంది.

అయ్యాక డైరెక్టరుగారు వచ్చి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. చూద్దాం అంటారేమోనని ముగ్గురం ఆ నోటి వైపే చూస్తున్నాం.

"మొదట్లో కొంచెం ఇబ్బందిగానే ఉందమ్మా, అబద్ధమెందుకు" అన్నారు. "తర్వాత ఏమైందో తెలీదు. వారం పొడుగునా చదివితే మీకు అలసటవుతుంది. శని, ఆదివారాలు మీవి. మిగతా రోజులు ఈ అమ్మాయి."

అక్క ఆలోచించింది. నేను జవాబు చెప్పబోయాను, ఆగడానికి నా కాలు నేనే తొక్కుకోబోయి బావ కాలు తొక్కాను.

"శుక్రవారం కూడా" అంది అక్క.

ఆయన నవ్వారు. "చూద్దాం" అన్నారు.

ఏప్రిల్ 5, శనివారం

ఇవాళ మధ్యాహ్నం అక్క మొదటి కథ. జిరాక్సు షాపామె తన మిషను ఆపి గుమ్మంలో నిలబడి వింది. "ఏం, జలుబు చేసిందా మీ అక్కకి?" అని అడిగింది. లేదన్నాను. ఆపరేషన్ అయిందన్నాను. ఇప్పుడు తన గొంతు ఇదేనన్నాను. ఈ మాట బయటి మనిషితో మొదటిసారి చెప్పాను. చెబితే ఏమీ కాలేదు. ఆమె "అలాగా" అని, కథ అయ్యేదాకా అక్కడే నిలబడింది.

పాత టేప్‌ని కవరులో పెట్టి బీరువాలో పెట్టాను. పారెయ్యలేదు, పారెయ్యను. వినాలనిపిస్తే వింటాను. దాని డబ్బా మీది 'టెస్ట్' అన్న కాగితం చింపి, ఆ సోమవారం అక్క ఇంట్లో చదివిన కేసెట్ మీద అంటించాను.

సాయంత్రం పెళ్లిమండపం ఆయన ఆంప్లిఫయర్ కోసం వచ్చాడు. తొందరలో ఉన్నాడు, ఎప్పుడూ తొందరే. ఒకసారి వినిపించి పంపిస్తానన్నాను. కొత్త కేసెట్ పెట్టి మీట నొక్కాను.

"వాన వెలిసింది" అంది అక్క.

ఆయన కాసేపు చూసి, స్పీకర్ మీద వేలితో కొట్టాడు. "ఏంటమ్మా, ఆగిపోయింది? బాగుచేశానన్నావు?"

"ఆగలేదండీ. వినండి" అన్నాను.

ఊపిరి చప్పుడు వినపడింది. ఆయన వేలు తీసేశాడు.

"తలుపు తెరిచే ఉంది."